అమ్మోనైట్లు: ఏరాల్సిందెవరు, ఉంచాల్సిందెక్కడ?

అమ్మోనైటు శిలాజాల సేకరణ మీద వాదన ఇప్పుడు బాగా చిక్కుపడి ఉంది. భక్తుడికి అది సాలగ్రామం. భూవిజ్ఞానికి కాలం చెప్పే సాక్ష్యం. వ్యాపారికి సరుకు. రాళ్ళు ఏరడం ఇష్టమైనవాడికి ప్రాణం. నలుగురూ ఒకే రాయి గురించి మాట్లాడుతున్నా ఒకరి మాట ఇంకొకరికి చేరడం లేదు. పొరలో ఉన్నదాన్ని కదపడమే తప్పని ఒక పక్షం అంటుంది, కదపకపోతే మట్టిలో కలిసిపోతుందని మరో పక్షం అంటుంది, ప్రభుత్వం తప్ప ఇంకెవరూ ముట్టకూడదని మూడో పక్షం అంటుంది. ఈ వాదాలు ఎక్కడ పుట్టాయి, వాటిలో తెలుగు నేలకు సరిపడేవి ఏవి, ఇంకా తేలనివి ఏవి అన్నవి ఒకచోట పెట్టి చూడటం ఈ సమీక్ష పని.

శృంగవరపుకోట కొండల్లో ఎందుకు లేవు

శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కి బొర్రా గుహలు చూసినవాళ్ళకి ఒక అనుమానం రావడం సహజం. సున్నపురాయి ఉందంటే ఒకప్పుడు సముద్రం ఉన్నట్టే, సముద్రం ఉంటే అందులో శంఖాలూ చిప్పలూ ఉండాలి కదా అని. ఈ ఆలోచనలో మొదటి సగం నిజానికి దగ్గరే. తూర్పు కనుమల్లో అడుగడుగునా కనిపించే ఖొండలైటు ఒకప్పటి బంకమట్టి నుంచి పుట్టిన రాయే. ఈ కొండల్లోని కోందుల పేరు మీదుగా టి.ఎల్. వాకర్ 1902లో దానికి ఆ పేరు పెట్టాడు. ఆ మట్టి భూమి లోతులకు దిగి, తీవ్రమైన వేడికీ ఒత్తిడికీ రూపం మారి, ఎర్రటి గార్నెట్ గింజలతో మళ్ళీ పైకి వచ్చింది. బొర్రా సున్నపురాయి కూడా అలా మారినదే.

రెండో సగమే నిలవదు. ఈ రాళ్ళు మారింది సుమారు 100 కోట్ల ఏళ్ళ కిందట. అమ్మోనైట్ల వంశం సముద్రాల్లో మొదలైంది సుమారు 40 కోట్ల ఏళ్ళ కిందట. మట్టి పేరుకున్న రోజుల్లో పెంకు కట్టే జంతువే లేదు. ఉండి ఉన్నా ఆ వేడికి గుర్తు మిగిలేది కాదు. అందుచేత పుణ్యగిరి వాగులోనో తాటిపూడి జలాశయం ఒడ్డునో చుట్టలు తిరిగినట్టున్న రాయి దొరికితే, అది ఎండా వానా రాతిని పొరలు పొరలుగా ఒలవడంతో వచ్చిన ఆకారమే అవుతుంది.

అయినా ఈ ప్రాంతానికి అమ్మోనైటు కొత్తది కాదు. కొండలో లేనిది దేవతార్చన పెట్టెలో ఉంది. ఉత్తరాంధ్రలో సాలగ్రామ పూజ ఉన్న ఇళ్ళలో తరతరాలుగా అభిషేకం అందుకుంటున్న నల్లని రాళ్ళలో చాలావాటి లోపల ఉన్నది ఈ జీవి ముద్రే. కాబట్టి సేకరణ గురించిన ప్రశ్న ఇక్కడ గనిలోనూ గుట్టలోనూ కాకుండా ఇంట్లోనే మొదలవుతుంది.

జీవి, పొర

అమ్మోనైటు చూపుకి నత్తలా ఉంటుంది. బంధుత్వం మాత్రం స్క్విడ్, ఆక్టోపస్, నాటిలస్‌లతో. చుట్టలు తిరిగిన పెంకు లోపల అడ్డుగోడలతో గదులు ఉంటాయి. జంతువు చివరి గదిలో ఉండి, వెనక గదుల్లో గాలిని సర్దుకుంటూ నీటిలో తేలేది. అడ్డుగోడ పెంకును తాకే చోట ఏర్పడే వంకర గీత ఒక్కో జాతికి ఒక్కో తీరుగా ఉంటుంది, జాతిని గుర్తించడానికి అదే పెద్ద ఆధారం. 6.6 కోట్ల ఏళ్ళ కిందట, డైనోసార్ల కాలం ముగిసిన సంధిలోనే, ఇవీ అంతరించాయి.

శాస్త్రజ్ఞులు వీటిని ఇంతగా ప్రేమించడానికి కారణం అందం కాదు. జాతులు వేగంగా మారాయి, చాలావరకు ఒక్కోటి 10 లక్షల ఏళ్ళు కూడా నిలవలేదు. అదే సమయంలో సముద్రాల మీదుగా దూరదూరాలకు వ్యాపించాయి. అందువల్ల ఒక పొరలో ఫలానా అమ్మోనైటు కనిపిస్తే ఆ పొర వయసు చెప్పవచ్చు, వేల మైళ్ళ అవతలి పొరతో జత కలపవచ్చు. 1850లలో జర్మనీలో ఆల్బర్ట్ ఒప్పెల్ జురాసిక్ రాళ్ళను ఈ పద్ధతిలోనే మండలాలుగా విడదీశాడు. ఆ పద్ధతికి ప్రాణం పొర. పొర తెలియని అమ్మోనైటు ఎంత నిగనిగలాడినా సాక్ష్యంగా చెల్లదు. సేకరణ మీద వచ్చే తగాదాలన్నిటికీ మూలం ఈ ఒక్క సంగతిలోనే ఉంది.

గండకి సంప్రదాయం

అమ్మోనైట్లను ఏరడంలో మన దేశానికి ఉన్న అతి పాత సంప్రదాయం కాళీ గండకిదే. నేపాల్‌లో ముక్తినాథ్ పరిసరాల నల్లని షేల్ పొరల నుంచి, సుమారు 14 నుంచి 16 కోట్ల ఏళ్ళ కిందటి టెథిస్ అనే ప్రాచీన సముద్రపు బురద నుంచి, గట్టిపడిన గుండ్రని రాళ్ళు నదిలోకి జారుతాయి. పగిలినచోటో నోరు తెరిచినచోటో లోపలి చుట్ట కనిపిస్తుంది. వైష్ణవుల 108 దివ్యదేశాల్లో సాలగ్రామం ఒకటి కావడంతో తెలుగు యాత్రికుల రాకపోకలు అటు ఎప్పుడూ ఉన్నవే. వజ్రకీటం రాతిని తొలిచి చక్రాలు గీసిందని పురాణ కథ. ద్వారాలెన్ని, చక్రాలెన్ని, రంగేమిటి, నున్నదనం ఎంత అన్నవి చూసి ఇది లక్ష్మీనారసింహం, ఇది దామోదరం అని పేరు పెట్టడానికి పురాణాల్లో వివరమైన లక్షణాలున్నాయి. జాతుల వర్గీకరణ కాకపోయినా, కంటితో నిశితంగా చూసి తేడాలు పట్టడం నేర్పిన వ్యవస్థ అది. ఈ యాత్ర మీద మానవశాస్త్రజ్ఞురాలు హాలీ వాల్టర్స్ 2020లో తెచ్చిన పుస్తకం, భక్తుల దృష్టిలో ఆ రాయి వస్తువు కాదని, ఇంటి మనిషిలాంటిదని వివరంగా చూపింది.

భక్తులూ శాస్త్రజ్ఞులూ సాధారణంగా వదిలేసే సంగతి ఒకటుంది. సాలగ్రామానికి వెల కట్టకూడదని, అమ్మకూడదని సంప్రదాయం గట్టిగా చెబుతుంది. శిలాజాల వ్యాపారం మీద నేటి శాస్త్రజ్ఞుల అభ్యంతరం కూడా దాదాపు అదే చోటికి చేరుతుంది. దారులు వేరు. భక్తుడికి గండకిలో దొరకడం చాలు, ఏ పొర నుంచి జారిందన్నది అవసరం లేదు. శాస్త్రానికి అదే కావాలి. అయితే నది అడుగున దొరికిన రాయిని పొర నుంచి వేరు చేసింది నదే తప్ప మనిషి కాదు. కాబట్టి నదిలో ఏరడం వల్ల శాస్త్రానికి జరిగే నష్టం కొండను తవ్వి తీయడంతో పోలిస్తే చాలా తక్కువ. పూజా సేకరణను దోపిడీతో ఒకే గాట కట్టేవాళ్ళు ఈ తేడాను పట్టించుకోవాలి. ఇవాళ సాలగ్రామాల పేరుతో బజారులోకి వస్తున్న చెక్కిన రాళ్ళు, పోత పోసిన నకిలీలు మాత్రం భక్తికీ శాస్త్రానికీ రెండింటికీ ద్రోహమే.

సర్వే కాలపు సేకరణ

శాస్త్రీయ సేకరణ దక్షిణాదిన తిరుచిరాపల్లి, అరియలూరు పొరలతో ఊపందుకుంది. 1840లలో సి.టి. కే, కన్లిఫ్ వంటి ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులు ఏరినవాటిని ఎడ్వర్డ్ ఫోర్బ్స్ 1846లో లండన్‌లో వర్ణించాడు. 1851లో భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ ఏర్పడ్డాక ఫెర్డినాండ్ స్టోలిచ్కా దక్షిణ భారత క్రెటేషియస్ అమ్మోనైట్ల మీద 1860లలో పెద్ద గ్రంథం తెచ్చాడు. 1890లలో ఫ్రాంజ్ కోస్మత్ అదే సంపదను తిరిగి పరిశీలించాడు. కచ్ అమ్మోనైట్లను మొదట వాగెన్, తర్వాత 1927 నుంచి 1933 దాకా ఎల్.ఎఫ్. స్పాత్ వర్ణించారు.

ఈ పనిలో గౌరవించవలసింది చాలా ఉంది. ఊరి పేరు, పొర పేరు రాయకుండా నమూనా పెట్టెలో పడేది కాదు, అందుకే 150 ఏళ్ళ తర్వాత కూడా ఆ నమూనాలతో పని చేయగలుగుతున్నారు. బాధ కలిగించేదీ ఉంది. రాళ్ళను చూపించిన స్థానికుల పేర్లు ఆ గ్రంథాల్లో దాదాపు కనిపించవు. ఒకే ప్రాంతపు నమూనాలు వేరు వేరు నగరాల్లో, కొన్ని సముద్రాల అవతల ఉండిపోయాయి. ఒక జాతికి ప్రమాణంగా ఉంచిన మూల నమూనాను చూడటానికి దాని సొంత ఊరి విద్యార్థి ఖండం దాటాల్సి రావడం న్యాయం కాదు.

ఆకులు ఒకటంటే, అమ్మోనైట్లు ఒకటన్నాయి

తెలుగు నేల మీద అమ్మోనైట్ల అసలు కథ కృష్ణా, గోదావరి తీరాలది. ఒంగోలు పరిసరాల్లో బూదవాడ ఇసుకరాయి, వేమవరం షేల్, ద్వారకా తిరుమల వైపు గొల్లపల్లి ఇసుకరాయి, రాఘవపురం షేల్, వాటి పైన, ద్వారకా తిరుమలకు ఉన్న చిన్న తిరుపతి పేరుతోనే పిలిచే తిరుపతి ఇసుకరాయి. ఒంగోలు నుంచి మచిలీపట్నం దాకా ఉన్న తీరాన్ని రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1879లో, గోదావరి జిల్లాను విలియం కింగ్ 1880లో సర్వే సంస్థ సంపుటాల్లో వివరించారు.

ఈ షేల్ పొరల్లో ఒక వింత ఉంది. నేల మీది చెట్ల ఆకులూ, సముద్రపు జీవుల ముద్రలూ కలిసి కనిపిస్తాయి. తీరానికి దగ్గరగా, నదులు ఆకులను తెచ్చి పోసే నీళ్ళలో పేరుకున్న బురద కావడమే దానికి కారణం. చిక్కు అక్కడే మొదలైంది. ఆకులను చదివిన ఒట్టొకార్ ఫైస్ట్‌మాంటెల్, రాజమహల్ కొండల వృక్షజాతులతో వాటి పోలిక చూసి, ఈ పొరలను జురాసిక్ కాలానివిగా లెక్కించాడు. 1933లో స్పాత్ బూదవాడ అమ్మోనైట్లను పరిశీలించి, ఇవి జురాసిక్‌వి కావు, తొలి క్రెటేషియస్‌వి అన్నాడు. పాస్కోయిటిస్ బూదవాడెన్సిస్ అన్న పేరుతో ప్రకాశం సీమలోని ఒక పల్లె ప్రపంచ శిలాజ పట్టికల్లోకి ఎక్కింది ఆ పని వల్లే.

రెండు సాక్ష్యాల మధ్య తేడా కోట్ల ఏళ్ళది. చెట్లు నెమ్మదిగా మారతాయి, ఒకే రకం ఆకు రెండు యుగాల్లోనూ కొనసాగవచ్చు. అమ్మోనైటు అలా కాదు. అందుకే ఎక్కువమంది రెండో సాక్ష్యం వైపు మొగ్గారు. మూడో సాక్షిగా 1960లలో సూక్ష్మజీవులు వచ్చాయి. ఎస్.ఎన్. భల్లా రాఘవపురం షేల్‌లోని ఫొరామినిఫెరాలను చదివి 1969లో ప్రచురించిన పని కూడా తొలి క్రెటేషియస్‌నే బలపరిచింది. ఇండియా, అంటార్కిటికా విడిపోయి తూర్పు తీరం వెంట సముద్రం లోపలికి రావడం మొదలైంది సుమారు 13 కోట్ల ఏళ్ళ కిందట. ఈ అమ్మోనైట్లు ఆ కొత్త సముద్రం మన నేల మీదికి వచ్చిన తొలి రోజుల సాక్షులు. ఇది పుస్తకాల్లో ముగిసిపోయే సంగతి కూడా కాదు. కృష్ణా-గోదావరి బేసిన్‌లో చమురు, సహజవాయువు పుట్టిన ముఖ్యమైన మూల శిలల్లో భూగర్భంలోని ఈ రాఘవపురం షేల్ ఒకటి.

గోదావరి తీరం అమ్మోనైట్ల అంత్యకాలానికీ దగ్గరే. రాజమహేంద్రవరం చుట్టూ కాతేరు, దుద్దుకూరు, గౌరీపట్నం ప్రాంతాల్లో దక్కన్ లావా ప్రవాహాల నడుమ సముద్రపు పొరలున్నాయి. గెర్టా కెల్లర్ బృందం 2008లో ఈ బేసిన్ ఆధారంతో, దక్కన్ అగ్నిపర్వతాల ప్రధాన దశ క్రెటేషియస్ ముగింపు సమీపంలో ముగిసిందని వాదించింది. డైనోసార్లూ అమ్మోనైట్లూ అంతరించడానికి లావా కారణమా, మెక్సికో దగ్గర పడిన ఉల్క కారణమా అన్న ప్రపంచ వివాదంలో రాజమహేంద్రవరం క్వారీలకు చోటు దక్కింది అలాగే. ఆ పొరలను మన కంటికి చూపించింది కంకర కోసం కొండను కోసిన క్వారీయే, వాటిని మాయం చేయగలిగిందీ ఆ క్వారీయే.

సేకరణ మీద నాలుగు వాదాలు

మొదటి వాదం, కదపవద్దన్నది. పొర ఒక పుస్తకం, పేజీ చింపితే చదవడానికి మిగలదంటుంది. ఉద్దేశం మంచిదే. కానీ ఈ వాదం పొర శాశ్వతం అనుకుంటుంది. రాఘవపురం, వేమవరం షేల్‌లు పెళుసైన రాళ్ళు. బయటపడ్డ ముద్ర కొన్ని వానలకు పొడి అయిపోతుంది. క్వారీ అంచున ఉన్నదైతే అన్నాళ్ళూ ఆగదు.

రెండోది రాజ్యానిదే హక్కు అన్నది. కెనడాలోని అల్బెర్టాలో నేల పైన దొరికినదాన్ని ఏరి దగ్గర ఉంచుకోవచ్చు గాని యాజమాన్యం ప్రభుత్వానిది. అమ్మాలన్నా, బయటికి పంపాలన్నా అనుమతి ఉండాలి. బ్రెజిల్ 1942 నుంచి శిలాజాలను జాతి సంపదగా చట్టంలో పెట్టుకుంది. ఈ వాదం బలం దొంగతనాన్ని అడ్డుకోవడంలో ఉంది, బలహీనత ప్రభుత్వానికి అన్నిచోట్లా కళ్ళు ఉండకపోవడంలో.

మూడోది, ఔత్సాహికుల సేకరణను నియమాలతో ప్రోత్సహించాలన్నది. ఇంగ్లండ్‌లో లైమ్ రీజిస్, చార్మత్ తీరం దీనికి ఉదాహరణ. మేరీ ఆనింగ్ (1799–1847) కాలం నుంచీ అక్కడ ఏరడం ఒక జీవనం. కొండచరియ ఎలాగూ అలల్లో కూలిపోతుంది కాబట్టి రాలినవాటిని ఏరనిస్తారు. చరియను తవ్వనివ్వరు. ముఖ్యమైనవి దొరికితే నమోదు చేయించాలి. శాస్త్రానికి కొత్త జాతులు ఇలా చాలా వచ్చాయి.

నాలుగోది మార్కెట్ వాదం. ధర ఉంటేనే జనం జాగ్రత్తగా తీస్తారంటుంది. మొరాకో, మడగాస్కర్ అమ్మోనైట్లు మెరుగు పెట్టుకుని ప్రపంచమంతా చేరాయి, ఆ పల్లెల్లో కొందరికి అన్నం పెట్టాయి. ఆ మాట కొట్టివేయలేం. కాని ధర పలికేది అందానికి, పొర పేరుకు కాదు. దాని ఫలితం ఎలా ఉంటుందో 1989లో బయటపడింది. పంజాబ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు వి.జె. గుప్త హిమాలయాల్లో దొరికాయని ప్రచురించిన శిలాజాల్లో అమ్మోనైట్ల వంశానికి చెందిన మొరాకో అమ్మోనాయిడ్లను పోలినవి ఉన్నాయని, ఎక్కడివో తెచ్చి ఇక్కడివిగా చూపారని ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుడు జాన్ టాలెంట్ నేచర్ పత్రికలో వెల్లడించాడు. దశాబ్దాల హిమాలయ పరిశోధన మీద నీడ పడింది. ఊరూ పొరా తెలియని రాళ్ళు సులువుగా చేతులు మారే చోట ఇలాంటిది మళ్ళీ జరగదనే భరోసా లేదు.

నాలుగింటినీ తెలుగు తీరానికి పెట్టి చూస్తే ఒక తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఇక్కడి అమ్మోనైట్లు ఎక్కువగా షేల్ మీద అణిగిన ముద్రలు, కళ్ళు చెదిరే చుట్టలు కావు. మార్కెట్‌కి వీటి మీద పెద్ద ఆశ లేదు. కాబట్టి దొంగల భయం మీద కట్టిన వాదాలు ఇక్కడ సగమే పనికొస్తాయి. ఇక్కడి ప్రమాదం ఎవరూ పట్టించుకోకపోవడం, బావి తవ్వినప్పుడో రోడ్డు వేసినప్పుడో బయటపడ్డది చూడకుండానే పూడ్చేయడం. అందువల్ల ఆంధ్ర తీరానికి మూడో వాదమే దగ్గర. రాలినదాన్ని ఏరవచ్చు, పొరను తవ్వకూడదు, అమ్మకూడదు, ఊరి పేరూ గుట్ట గుర్తూ తేదీ రాసి అప్పగించాలి. ఫుట్ ఇందుకు మన కళ్ళ ముందున్న ఉదాహరణ. దక్షిణాదిన ఆయన ఏరిన ఆదిమానవుల రాతి పనిముట్లు 1904లో మద్రాసు మ్యూజియానికి చేరాయి. ప్రతిదానికీ స్థలం రాసి ఉండటం వల్లే అవి నేటికీ పరిశోధనకు అక్కరకొస్తున్నాయి.

చట్టం ఎక్కడుంది

మన దేశంలో శిలాజాల కోసమే రాసిన కేంద్ర చట్టం లేదు. 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం, 1972 నాటి పురావస్తు చట్టం మనిషి చేసిన వస్తువులను దృష్టిలో పెట్టుకుని పుట్టినవి. ఆ లోటు తీర్చడానికి గనుల మంత్రిత్వ శాఖ 2022 డిసెంబరులో భూవారసత్వ స్థలాలు, అవశేషాల ముసాయిదా బిల్లును ప్రజల ముందు పెట్టింది. రక్షణ కావాలన్న మాటలో ఎవరికీ భేదం లేదు. అధికారమంతా భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ చేతిలోకి పోతే విశ్వవిద్యాలయాల, స్వతంత్ర పరిశోధకుల పని ఏమవుతుందన్న దగ్గరే అభ్యంతరం వచ్చింది. ఆ భయంలో న్యాయం ఉంది.

సంస్థ ఇప్పటికే ప్రకటించిన భూవారసత్వ స్థలాల్లో ఆంధ్రకు చెందిన ప్రసిద్ధమైనవి తిరుమల శిలాతోరణం, తిరుమల ఘాట్‌లోని శిలా విచ్ఛేదం, మంగంపేట బెరైటీస్, భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బలు. వీటిలో ఒక్కటీ అమ్మోనైటు పొర కాదు. ఎర్రమట్టి దిబ్బల అనుభవం చూస్తే పేరు ప్రకటించడమే రక్షణ కాదని కూడా తెలుస్తుంది, ఆ దిబ్బల చుట్టూ తవ్వకాల గొడవ మళ్ళీ మళ్ళీ వార్తల్లోకి వస్తూనే ఉంది.

మంచి ఉదాహరణ మాత్రం తెలుగువాళ్ళ దగ్గరే ఉంది. పాత ఆదిలాబాద్ జిల్లా యామనపల్లి దగ్గర దొరికిన ఎముకలతో సర్వే సంస్థకు చెందిన పి. యాదగిరి 1988లో కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ అనే డైనోసార్‌ను వర్ణించారు. ఆ అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉంది. బడిపిల్లలు దాని ముందు నిలబడి ఊరి పేరు చదువుతారు. అమ్మోనైట్లకు అలాంటి చోటు తెలుగునాట ఇంకా రావాలి. తమిళనాడు అరియలూరు జిల్లా వారణవాసిలో, శిలాజాలు దొరికే నేల మీదే మ్యూజియం పెట్టుకుంది.

ఇంకా తేలనివి

ఔత్సాహికుడు ఏరి తెస్తే పుచ్చుకునేదెవరు? రసీదు ఇచ్చి, సంఖ్య వేసి, బీరువాలో పెట్టే మనిషి జిల్లా స్థాయిలో లేనంతవరకు నియమాలు కాగితం మీదివే. కళాశాలల భూగర్భశాస్త్ర విభాగాలకు ఈ బాధ్యత అప్పగించాలన్న సూచన సమంజసమైనదే, ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్నదే చిక్కు.

విదేశాల్లో ఉన్న మూల నమూనాల సంగతి రెండోది. రాళ్ళనే తిరిగి తెప్పించాలా, త్రిమితీయ స్కానింగ్ ప్రతులు చాలా? పోలిక చూడటానికి ప్రతులు చాలావరకు సరిపోతాయి. రాతి రసాయనాన్ని పరీక్షించాలంటే అసలుదే కావాలి.

ఇంటి సాలగ్రామాలది మూడో ప్రశ్న. వాటిని మ్యూజియానికి ఇమ్మనడం అనవసరం, అనుచితం కూడా. పొర పోయింది కాబట్టి వాటి నుంచి కాలనిర్ణయానికి వచ్చే లాభం స్వల్పం. పూజలో ఉన్నదాన్ని కదపకుండా, ఇష్టపడిన ఇంటివారి అనుమతితో ఫొటో తీసి జాతిని గుర్తించడం రెండు వైపులా గౌరవం నిలిపే పద్ధతి.

చివరిది రాఘవపురం పొరల కాలమే. తొలి క్రెటేషియస్ అన్నంతవరకు ఒప్పుదల ఉంది. అందులో ఏ దశ, బూదవాడకూ రాఘవపురానికీ మధ్య ముందూ వెనకా ఎంత, సముద్రం ఒక్కసారే వచ్చిందా, వచ్చి పోయి మళ్ళీ వచ్చిందా అన్నవి ఇంకా వాదనలోనే ఉన్నాయి. 1933లో స్పాత్ చేతికి అందినవి కొద్దిపాటి ముద్రలు. ఇవి తేలాలంటే ఒంగోలు నుంచి ద్వారకా తిరుమల దాకా బావుల్లోనూ క్వారీ అంచుల్లోనూ బయటపడే కొత్త ముద్రలు, అడుగు లెక్కన లోతు రాసి, పరిశోధకుల బల్ల మీదికి చేరాలి.